కొండెక్కిన రాళ్ల వలయం

మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ దీవి వస్తుంది. దిగినవాళ్లలో చాలామంది మ్యూజియంలో బుద్ధుణ్ణి చూసి తిరుగు లాంచీకి పరుగెడతారు. కొండమీద తిరిగి కట్టిన రాళ్ల వలయాన్ని కూడా చూసి రావాలి. ఇక్ష్వాకులు ఇప్పుడు నీట మునిగిన ఇక్కడి లోయలో విజయపురిని రాజధాని చేసుకోవడానికి శతాబ్దాల ముందు, ఇనుము వాడకం తెలిసిన జనం కట్టిన సమాధి అది.

ఇలాంటివాటిని మన పల్లెల్లో రాకాసి గుళ్లంటారు. అంతంత బండలు కదపడం మనుషుల వల్ల కాదని పెద్దల నమ్మకం. కానీ వాటిలో కనిపించేదంతా మనుషుల మమకారమే. గొయ్యి తవ్వేవారు. చాలాచోట్ల శవాన్ని కాక, తర్వాత ఏరి తెచ్చిన ఎముకల్ని అందులో ఉంచేవారు. పక్కన కుండలు, ఇనప పనిముట్లు పెట్టి పూడ్చి, పైన రాళ్లు పోసి, చుట్టూ బండలు నిలిపేవారు. ఆ కుండల్ని దగ్గరగా చూస్తే లోపలా మూతి దగ్గరా నలుపు, కింద ఎరుపు. బోర్లించి కాలిస్తే గాలి తగలని వైపు నల్లబడుతుందని పరిశోధకులు చెబుతారు.

నాగార్జునకొండ లోయకు మూడువైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణమ్మ. పాత రాతియుగం నుంచీ మనుషులు మసలిన లోయ అది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. ముంపు తప్పదని అంతకు ముందే తెలిసి, పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయలో విస్తృతంగా తవ్వారు. ముఖ్యమైన కట్టడాల్ని కొండమీదికీ, ఒడ్డునున్న అనుపుకీ తరలించారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాల తరలింపు 1964లో మొదలైంది. మనవాళ్లు అంతకు ముందే ఈ పనికి పూనుకున్నారంటే గర్వంగా ఉంటుంది.

అయినా ఒక వెలితి ఉంది. దక్షిణాదిలో ఈ సమాధులు ఎక్కువగా సాగుకు పనికిరాని రాతి నేలల్లో, కొండల అంచున కనిపిస్తాయి. మంచి మట్టిని బతికున్నవాళ్ల పంటకు వదిలి, చనిపోయినవాళ్లకు రాతి నేల ఇచ్చారనిపిస్తుంది. ఊరు ఎటు, నీరు ఎంత దూరం, పక్క వలయం ఎక్కడ అన్నవి చెప్పేది ఆ చోటే. దీవి మీది వలయంలో రాళ్లు దక్కాయి, చోటు నీళ్ల కింద ఉండిపోయింది.

రాళ్లతోపాటు చోటుకూ రక్షణ కావాలి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని చట్టం గిరి గీసింది. ఏ జాబితాకూ ఎక్కని వలయాలకు ఆ అండ లేదు. చేను చదును చేసేటప్పుడో, కంకరకు బండలు పగలగొట్టేటప్పుడో గుండ్రంగా పేర్చిన రాళ్లు కనిపిస్తే పని ఆపి, పురావస్తు శాఖకు ఒక్క మాట చెప్పండి.