టీచరుకు తెలుగు రాదు, చెప్పాల్సింది మనమే

మాంచెస్టర్ వచ్చిన కొత్తలో మా బాబు క్లాసులో నోరు విప్పేవాడు కాదు. “ఇంగ్లీషు వస్తే సర్దుకుంటాడు” అన్నారు టీచరు. నేనూ నమ్మాను. ఇంట్లో తెలుగులోనూ రెండు మాటలు కలిపి చెప్పలేకపోయేవాడు. ఆ సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఏడాది గడిచిపోయింది.

ఇంగ్లండ్‌లో 2015 నాటి నియమావళి ప్రకారం, ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే ప్రత్యేక అవసరం కిందకి రాదు. అలాగని అసలు ఇబ్బందిని దాని మీదకు నెట్టేయకూడదు. స్కూల్లో ప్రత్యేక అవసరాలు చూసే సెన్‌కో ఉన్నా, పిల్లల ప్రగతికి బాధ్యత క్లాస్ టీచరుదే.

అందుకే టీచరు ముందుగా అడగాల్సిన ప్రశ్న: “ఇంట్లో మీ భాషలో ఎలా మాట్లాడతాడు?” అడగకపోతే మనమే చెప్పాలి. రెండు భాషల్లోనూ తడబడుతుంటే సెన్‌కోను కలవండి. స్కూలు సాయం చాలకపోతే, ఈహెచ్‌సీ అంచనా కోసం తల్లిదండ్రులే కౌన్సిల్‌కు రాయవచ్చు. అంచనా వేస్తారో లేదో 6 వారాల్లో చెప్పాలి.

ఇంట్లో తెలుగు మాత్రం మానకండి.