జగ్గయ్యపేట సున్నపురాయి – జగద్యోగ్యతావిచారము

జగ్గయ్యపేట ప్రాంతమున సిమెంటునకై త్రవ్వెడి సున్నపురాతిలోని కర్బనమే సకలజీవదేహములకును ఉపాదానము. నక్షత్రగర్భమున మూడు హీలియం కేంద్రకములు కలిసిననే యది పుట్టును. ఆ కలయిక మిక్కిలి దుర్ఘటము. లోకమున నింత కర్బన మున్నందున, దాని కేంద్రకమునకు అనుకూలమైన శక్తిస్థాయి యుండి తీరవలెనని 1953లో ఫ్రెడ్ హాయిల్ ఊహించెను. ప్రయోగమున నది సుమారు 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులయొద్ద కానవచ్చెను. నందిగామ ప్రాంతమున మున్నేరు పొంగఁగా, ఎగువ ఖమ్మము వైపున వాన కురిసెనని యూహించుట వంటిదే యిది. వాత్స్యాయనుఁడు చెప్పిన శేషవదనుమానము.

ఆ స్థాయి తొలఁగియున్నచో కర్బనము స్వల్పమై యుండెడిది. మఱి కుదిర్చిన కర్త యెవఁడు? ఉదయనుని న్యాయకుసుమాంజలి ఈశ్వరుని జూపును. ద్రష్ట పుట్టఁదగిన జగత్తే ద్రష్టకు గోచరించునని 1973లో బ్రాండన్ కార్టర్ చెప్పెను. సరియే, కాని యట్టి జగత్తు ఏల కలిగెనో యది చెప్పదు. కర్తృవాదమునకును చిక్కు కలదు. మున్నేటి వఱదలు పలుమాఱు చూడఁబడినవి గనుక వ్యాప్తి తెలిసినది, జగత్తో, ఒక్కటియే. ఘటదృష్టాంతము చాలునని నైయాయికులందురు; మీమాంసకు లొప్పరు.