గింజ పెట్టి నేర్పిన చదువు

చేటలో బియ్యం పోసుకుని కూర్చుంటారు. కళ్ళు అలా పరుగెత్తుతుంటే చెయ్యి తిన్నగా మట్టిబెడ్డ మీదికే పోతుంది. "ఎలా కనిపెట్టావమ్మా?" అని పాప అడిగితే ఏం చెబుతారు? "చూస్తే తెలుస్తుందే!" అంటారు. ఏరగా ఏరగా కంటికి అబ్బిన విద్య అది.

ఇలాంటి విద్య పావురాలకూ వస్తుందంటే నమ్ముతారా? 1995లో జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం వాళ్ళు మోనే, పికాసోల బొమ్మలను వేరుచేయడం పావురాలకు నేర్పారు. 2015లో అమెరికా శాస్త్రజ్ఞులు రిచర్డ్ లెవెన్సన్, ఎడ్వర్డ్ వాసర్‌మన్, వారి సహచరులు ఇంకా ముందుకు వెళ్ళారు. రొమ్ము కణజాలాన్ని మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలలో ఏది కాన్సరో, ఏది ప్రమాదం లేనిదో గుర్తుపట్టడం నేర్పారు!

ఎలా నేర్పారు?

పావురాన్ని కాస్త ఆకలి మీద ఉంచి తెర ముందుకు తెస్తారు. తెర మీద ఒక ఫొటో, పక్కన నీలం, పసుపు బొత్తాలు. ఒక రంగు కాన్సర్‌కు, ఇంకోటి ప్రమాదం లేనిదానికి. సరైన రంగును ముక్కుతో పొడిస్తే ఆ క్షణమే గింజంత మేత గుళిక పడుతుంది. తప్పు పొడిస్తే తిట్టూ లేదు, దెబ్బా లేదు. మేత రాదు, అదే ఫొటో మళ్ళీ వస్తుంది. అంతే!

మొదటిరోజు సగానికి సగం తప్పులే. రెండు వారాలు తిరిగేసరికి నూటికి 85 దాకా ఒప్పులు! ఎప్పుడూ చూడని కొత్త ఫొటోలు పెట్టినా దాదాపు అంత బాగానూ చెప్పాయి.

ఇక్కడే తిరకాసు

తర్వాత రొమ్ము ఎక్స్‌రేలలో కనిపించే గడ్డలను చూపించారు. మంచి గడ్డేదో, చెడ్డ గడ్డేదో తేల్చడం డాక్టర్లకే కష్టం. పావురాలు వారాల తరబడి తంటాలుపడి, చూపించిన ఫొటోలను గుర్తుపెట్టుకున్నాయి. తీరా కొత్తవి పెడితే గుడ్డిగా పొడిచాయి. అంటే నేర్చుకోలేదన్నమాట, బట్టీ పట్టాయి!

పావురాలను ఆస్పత్రిలో పెడతారని కాదు సుమా! రొమ్ములో గడ్డ చేతికి తగిలితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.

మన ఇంటి సంగతి

మీ బాబు పలక మీద 'మ', 'య' తారుమారు చేస్తున్నాడా? వీపు మీద ఒక్కటి వేసేముందు ఈ పావురాలను తలుచుకోండి.

• సరిగ్గా చెప్పిన మరుక్షణమే "శభాష్" అనండి. సాయంత్రం ఇచ్చే చాక్లెట్టు దేనికో పిల్లవాడికి గుర్తుండదు.

• తప్పు చెబితే కోప్పడకుండా అదే అక్షరం మళ్ళీ చూపించండి.

• ఒకే పుస్తకంలో కాక పేపర్లో, బస్సు బోర్డు మీద, సబ్బు డబ్బా మీద వెతకమనండి.

• చివరగా, వాడెప్పుడూ చూడని పేజీ తెరిచి అడగండి. అక్కడా చెప్పాడంటే వచ్చినట్టే. పాత పేజీలోనే చెబుతున్నాడంటే అది బట్టీయే. మార్కులు చూసి మురిసిపోకండి.

మన పిల్లలు పావురాలు కారు, గింజలు వేయనక్కర్లేదు. దగ్గరికి తీసుకుని ఒక ముద్దు పెట్టండి, చాలు. ఏమంటారు?