పడవకూ దాహమేస్తుంది!

పడవంటే మనకు షికారు. కురుపాం దాపున కొమరాడ మండలవాసులకు మాత్రం అవసరం. పూర్ణపాడు-లాబేసు వంతెన పూర్తికాక, ఏళ్ల తరబడి పిల్లాపాపలతో నాగావళి దాటింది నాటుపడవల్లోనే.

వాడకుండా ఒడ్డున ఉంచిన చెక్క పడవ ఎండకు బీటలిస్తుంది. మళ్లీ దించేముందు సందుల్లో నూలు కూరి, గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూయాలి. ఆ గుగ్గిలం తూర్పు కనుమల్లోనూ పెరిగే చెట్టు బంకే! తర్వాత ఒడ్డునే కట్టేసి, నీళ్లలో నాననివ్వాలి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. తెరచాప ఉంటే కుట్లు, తాళ్లు కూడా చూసుకోవాలి.

అప్పటికీ నీరు ఊరుతోందా? ప్రయాణం మానుకోవాల్సిందే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో విహారయాత్ర పడవ మునిగిన సంగతి మరవగలమా? అందుకే, ఇంట్లో ఎందరుంటే అన్ని లైఫ్‌జాకెట్లు... ఆ తర్వాతే పులిహోర పొట్లాలు!