ఏడు పాటలు... ఎడతెగని పంచాయితీ

‘ఆర్ఆర్ఆర్’ ఆల్బమ్‌లోని ఒక పాటకి ఆస్కార్ అందింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల తీర్పు మాత్రం ఇంకా వాయిదాల్లోనే ఉంది.

ఆస్కార్ కొట్టిన పాట నిజంగా అంత గొప్పదా అని హైదరాబాద్‌లో అడిగితే ఎగాదిగా చూస్తారు. ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఐఐటీకి దగ్గర్లోని ఈ పేటలో బెంగాలీ, హిందీ, ఒడియాల మధ్య తెలుగు వినిపిస్తుంది. సినిమా పాట మీద మాట మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే.

2023 మార్చిలో ‘నాటు నాటు’ గెలిచాక ప్రపంచం ఆ ఒక్క పాట దగ్గరే ఆగిపోయింది. కానీ కీరవాణి ఆల్బమ్‌లో ఉన్నవి ఏడు పాటలు, ఏ రెండూ ఒక దారివి కావు. సిరివెన్నెల ‘దోస్తీ’కి భారీ వాద్యగోష్ఠి తోడైంది. ‘నాటు నాటు’లో చంద్రబోస్ మాటలకు ఊరి దరువు దొరికింది. ‘జనని’ని కీరవాణి తానే రాసుకున్నారు. సుద్దాల అశోక్‌తేజ ‘కొమురం భీముడో’, ‘కొమ్మా ఉయ్యాలా’ అడవి గొంతుతో పలుకుతాయి. శివశక్తి దత్తా ‘రామం రాఘవం’ సంస్కృతంలో సాగితే, రామజోగయ్యశాస్త్రి ‘ఎత్తర జెండా’ సినిమా చివర పండగ చేస్తుంది. ఇన్ని బాణీలు ఒకే గొడుగు కింద ఇమిడాయా, ఇరుక్కున్నాయా అన్నదే తగాదా.

రైలెక్కి వచ్చిన చెవులు

ఈ తగాదా ఇక్కడ ఇంత రుచిగా సాగడానికి కారణం ఊరి పుట్టుకలోనే ఉంది. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షన్ కట్టింది, దాని వెంటే పెద్ద వర్క్‌షాప్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా ఆ పట్టాల వెంబడే వచ్చారు. తరాలు గడిచాయి. క్వార్టర్లు ఖాళీ చేసినా ఊరు వదల్లేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, ఆ నిర్ణయం వెనక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఉనికి ఉంది.

ఇలాంటి ఊళ్లో ఒకే పాట రెండు భాషల్లో చెవిన పడుతుంది. ఇంట్లో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘నాటు నాటు’ అంటారు. పూజ పందిట్లో అదే రాహుల్, విశాల్ మిశ్రా కలిసి ‘నాచో నాచో’ అంటారు. ఆ హిందీ మాటలు రాసింది రియా ముఖర్జీ. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు హిందీ పాట వెతుక్కుని వినాల్సిన సరుకు, ఇక్కడ వద్దన్నా వినపడేది. భాష మారినప్పుడు పాటలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అని తూకం వేయడం అందుకే వీళ్లకు చేతనవును.

ఎవరి పక్షం వారిది

పెద్దవాళ్ల మనసు 1997 దగ్గరే ఉంది. ‘అన్నమయ్య’కు జాతీయ పురస్కారం అందుకున్న కీరవాణి పేరు ప్రపంచానికి ఈ పాటతో తెలియడం ఏటి న్యాయం అని వాళ్ల బాధ. ఇందులో కొంత నిజముంది. ‘నాటు నాటు’ రాగం కోసం వినే పాట కాదు. దాని బలమంతా నడకలో ఉంది. తోలు వాద్యాల దరువు, దాని పక్కనే మాండొలిన్ గిలిగింత, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వని మాటలు. పాశ్చాత్య డ్యాన్సు పాటలు ఎక్కువగా నాలుగు లెక్కన అడుగులేస్తే, ఇది ఆరు లెక్కన గెంతుతుంది. మన జాతరల నడక అదే.

డప్పు పక్షం సరిగ్గా అక్కడే లేస్తుంది. ఖరగ్‌పూర్ తెలుగు పేటల్లో మాతా పూజ పెద్ద పండగ. అమ్మవారి ముందు డప్పు విని పెరిగినవాళ్లకు పాటలో పోలేరమ్మ జాతర వినపడగానే వాదన అయిపోయినట్టే. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని రాజప్రాసాదం ముందు చిత్రీకరించినా పాట కాళ్లు మన మట్టిలోనే ఉన్నాయని వీళ్ల ధీమా.

మూడో పక్షం ‘కొమురం భీముడో’ది. బహుమతి దీనికి రావాల్సిందని వీళ్ల పట్టు. వంగపండు ప్రసాదరావు పాటలు పుట్టిన నేల నుంచి వచ్చిన కుటుంబాలకు, దెబ్బ తింటూ కూడా తలవంచని గొంతు కొత్తది కాదు. ఆసిఫాబాద్ అడవుల గోండు వీరుడి పేరు పార్వతీపురం చెవికి దూరమనిపించదు. కాలభైరవ గొంతులో ఆర్భాటం లేదు. వాద్యాలు వెనక్కి తగ్గి దారి ఇచ్చాయి. ఆల్బమ్‌లో కీరవాణి అతి తక్కువ చేసి ఎక్కువ రాబట్టింది ఇక్కడే.

కుర్రకారుకు ఈ పక్షాలేవీ పట్టవు. ఒకే ఫోన్లో అరిజిత్ సింగ్, అనిరుధ్, బాంగ్లా బ్యాండ్లు పక్కపక్కనే ఉన్న తరానికి బాణీలు కలవడం వింత కాదు. వాళ్లు అడిగేది ఒకటే: రెండోసారి పెట్టాలనిపించిందా? ఈ పరీక్షలో ‘దోస్తీ’ తడబడుతుంది. ఐదు భాషల్లో ఐదుగురు గాయకులతో అందరినీ కలుపుకుపోవాలని చేసిన పాట అది. సిరివెన్నెల కలం పదును తగ్గలేదు గానీ, ఆ మాటల మీద వాద్యాల బరువు ఎక్కువైంది.

కలిపితే పలచబడాలా?

వాదనలన్నీ విన్నాక ఒక సంగతి తేటపడుతుంది. ఈ ఆల్బమ్‌లో నిలిచినవి ఒక ప్రాంతాన్ని, ఒక దరువును, ఒక మనిషిని గట్టిగా పట్టుకున్న పాటలు. అందరికీ నచ్చాలని ఎంత సాగదీస్తే పాట అంత త్వరగా జారిపోయింది. ‘పాన్ ఇండియా’ అంటూ ఏ రుచీ తేలని వంటకం వండుతున్న సంగీత దర్శకులు ఖరగ్‌పూర్‌ని చూసి నేర్చుకోవచ్చు. ఇన్ని భాషలు నూరేళ్లకు పైగా ఒకే ఊళ్లో కాపురం చేసినా బెంగాలీల దుర్గాపూజ దుర్గాపూజగానే ఉంది, తెలుగువాళ్ల మాతా పూజ మాతా పూజగానే ఉంది.

అవార్డు కోసం పోటీ పడింది ఒక్క పాట. మిగతా ఆరింటి భవిష్యత్తు పందిట్లో ఏ పాట మళ్లీ పెట్టమంటారు, దేనికి గెంతేస్తారు అన్నదాని మీద ఉంది. ఆ లెక్కలో ‘కొమురం భీముడో’కి ఇంకా చాలా ఏళ్ల ఆయుష్షు కనిపిస్తోంది.