మధ్యాహ్నమయ్యేసరికి కోత మిషనుకు నీరసం
కూలరులో పొట్టు నిండితే నష్టం రైతుకూ, యజమానికీ కూడా

మంచు ఆరాక చేలో దిగిన చైను కోత మిషను పదకొండు గంటల దాకా చురుగ్గానే నడుస్తుంది. ఎండ ముదిరేసరికి అదే మిషను బురదలో ఈడుస్తుంది. ఇంజను మోత తగ్గదు, నడక మాత్రం తగ్గుతుంది. గట్టు ఎక్కమంటే మొరాయిస్తుంది. ఇంజను అరిగిందని ఒకరు, డీజిలు కల్తీ అని ఒకరు అంటారు. చాలాసార్లు తప్పు ఈ రెంటిలోనూ ఉండదు. నడకకు ఆధారమైన ఆయిలు వేడెక్కి ఉంటుంది.

గంటల లెక్కన బాడుగ ఇచ్చే రైతుకు ఇది చిన్న విషయం కాదు. మీటరు గంటలనే లెక్కిస్తుంది గాని కోసిన సెంట్లను లెక్కించదు కదా! 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను తరువాత పడిపోయిన చేలు కోయించుకున్న రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పడిన చేలో, నీరు నిలిచిన నేలలో మిషను ఎక్కువ కష్టపడాలి. కష్టంతో పాటు వేడీ పెరుగుతుంది.

ఈ చైను మిషన్లలో చాలావాటికి ట్రాక్టరులో లాగా నడుస్తూ క్లచ్చి తొక్కి గేరు మార్చే పని లేదు. లివరు ముందుకు తోస్తే ముందుకు, వెనక్కు లాగితే వెనక్కు. ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు ఆయిలును గట్టి ఒత్తిడితో మోటారులోకి నెడుతుంది, మోటారు చైన్లను నడుపుతుంది. దీనినే హైడ్రోస్టాటిక్ పద్ధతి అంటారు. అంటే శక్తిని మోసేది ఆయిలే. అది వేడెక్కి పలచబడితే పంపులోని సన్నని సందుల గుండా జారిపోతుంది, చైన్లకు అందవలసిన బలం అందదు. 80 డిగ్రీలు దాటిన వేడి అలాగే కొనసాగితే సీళ్ళు గట్టిపడి కారడం మొదలవుతుంది, ఆయిలు చెడుతుంది. ఆ తరువాత పంపు, మోటారు అరిగితే అయ్యే ఖర్చెంతో యజమానినే అడగాలి.

ఆయిలును చల్లార్చే కూలరు సాధారణంగా రేడియేటరు ముందో, పక్కనో ఉంటుంది. వరి నూగు, పొట్టు దాని రేకుల మధ్య చేరి గాలిని అడ్డుకుంటాయి. పైనున్న జల్లెడ శుభ్రంగా కనిపించినా, కూలరుకూ రేడియేటరుకూ మధ్య సందులో పొట్టు దిమ్మకట్టి ఉండవచ్చు. టార్చిలైటు వేసి చూస్తేగాని అది తెలియదు. ఇంజను ఆపి, చల్లారాక, గాలి పైపుతో లోపలి వైపు నుంచి బయటకు ఊదాలి. బయటి నుంచి ఊదితే పొట్టు మరింత లోపలికి పోతుంది. సర్వీసింగు పంపుతో నీళ్ళు బలంగా కొడితే రేకులు వంగుతాయి, దుమ్ము బురదై అతుక్కుంటుంది. వేడి మీదున్న రేడియేటరు మూత మాత్రం ఎవరూ తీయరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు ముఖాన చిమ్ముతుంది.

కూలరు శుభ్రంగానే ఉంటే ఫ్యాను బెల్టు బిగువు, ఆయిలు మట్టం, ఫిల్టరు చూడాలి. ఆయిలు పాలలాగ తెల్లబడితే నీరు చేరిందన్నమాట. నల్లబడి మాడు వాసన వేస్తే బాగా వేడెక్కిందన్నమాట. రెండు సందర్భాల్లోనూ కారణం సరిచేసి ఆయిలు మార్చవలసిందే. మిషను పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి గాని డబ్బాలో మిగిలిన ఇంజనాయిలు కలపరాదు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే మిషను లాగకపోతే మటుకు తప్పు కూలరుది కాదు. పంపు బెల్టు జారుతుండవచ్చు, ఫిల్టరు పూడి ఉండవచ్చు, లేదా పంపే అరిగి ఉండవచ్చు.

డ్రైవరు ముందున్న వేడి ముల్లు చాలా మిషన్లలో ఇంజను నీటి వేడినే చూపుతుంది. ముల్లు కదలలేదని ఆయిలు చల్లగా ఉందనుకోరాదు. నడక మందగించగానే మిషను నిలిపి, కోత ఆపి, ఇంజనును కొద్ది నిమిషాలు బరువు లేకుండా తిరగనివ్వాలి. మబ్బు పట్టిన రోజున మిషను ఆపమంటే రైతుకు ప్రాణం ఒప్పదు, నిజమే. కాని మధ్యాహ్నం భోజనాల వేళ పావుగంట కూలరు ఊదుకోమని, ఆ పావుగంట బాడుగలో కలపవద్దని బేరం నాడే చెప్పుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.