శంకువుకు పొట్ట ఎందుకు?

మేడ దక్షిణపు గోడకు నీడగడియారం పెట్టుకోవచ్చా అని హైదరాబాదు పాఠకుడొకరు అడిగారు. భేషుగ్గా పెట్టుకోవచ్చు. శంకువుగా ఒక ఊచను గోడలోంచి దక్షిణానికి, 17.4 డిగ్రీలు కిందికి వాల్చి బిగిస్తే అది భూమి ఇరుసుకు సమాంతరమవుతుంది. ఊరు మారితే వాలు మారాలి. క్రీ.పూ. 263లో రోమన్లు సిసిలీలోని కటానియా నుంచి తెచ్చిన గడియారాన్ని తమ ఊళ్లో నిలబెట్టి, 99 ఏళ్లు తప్పు వేళే చూసుకున్నారు.

వాలు కుదిరినా పేచీ తీరదు. భూకక్ష్య కోలగా ఉండటం, ఇరుసు ఒరిగి ఉండటం వల్ల నీడ నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడుతుంది. పక్కన పట్టిక తగిలించి కూడికలు, తీసివేతలు చేసుకోమంటారు. నాకది బొత్తిగా నచ్చదు. 1890ల్లో బ్రిటిష్ సైన్యాధికారి జాన్ ఆలివర్ ఆ పట్టికను శంకువులోనే చెక్కేశాడు!

అది లేత్ మీద తిప్పిన మంచం కోడులా ఉంటుంది: ఒకచోట లావు, ఒకచోట సన్నం. దాని చుట్టూ అర్ధవలయం, వలయం లోపల గంటల గీత. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి దిగుతాడు కనుక శంకువు బయటి కొస నీడే ఆ గీత మీద పడుతుంది. ఎండలు ముదిరేకొద్దీ ఆ వంతు గోడవైపు భాగానికి వస్తుంది. అంటే శంకువు పొడవే పంచాంగం. ఏ తేదీకి ఎంత సవరణ కావాలో అక్కడ అంత లావు ఉంచితే నీడ అంచు అంత పక్కకు జరుగుతుంది. వలయం వ్యాసార్ధం 50 సెంటీమీటర్లైతే 16 నిమిషాలకు జరగాల్సింది మూడున్నర సెంటీమీటర్లు. అంకెలు నేరుగా గోడ మీదే రాస్తే మాత్రం ఈ కిటుకు పారదు. శంకువుకూ గీతకూ మధ్య దూరం గంటగంటకూ మారిపోతుంది.

నవంబరు 3న, ఫిబ్రవరి 8న సూర్యుడు ఆకాశంలో ఇంచుమించు ఒకే దారిన నడుస్తాడు. నీడల తేడా మాత్రం అరగంట! అందుకే అర్ధ సంవత్సరానికొకటి చొప్పున రెండు శంకువులు కావాలి. జూన్ 21న ఒకసారి, డిసెంబరు 21న ఒకసారి మార్చాలి.

హైదరాబాదు మన ప్రామాణిక రేఖాంశానికి 4 డిగ్రీలు పడమర. అంటే మరో 16 నిమిషాలు. దానికి వలయాన్ని 4 డిగ్రీలు తిప్పి బిగిస్తే చాలు.

జూన్ మార్పిడికి తొందరేం లేదు. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా హైదరాబాదులో సూర్యుడు పొద్దంతా ఉత్తరం వైపే ఉంటాడు. దక్షిణపు గోడకు ఎండే తగలదు. ఆ మూడు నెలలూ వేళ తెలియాలంటే ఉత్తరపు గోడకు మరొకటి కట్టుకోవలసిందే.